కూతకర్ర

నేను ఒక మెటల్ డిటెక్టర్‌ని. ఆ పేరు పలకడానికి నోరు తిరగక, పల్నాడులోని మా ఊళ్లో నన్ను కూతకర్ర అంటారు. ఇనుమో మరో లోహమో దగ్గరికొస్తే కుయ్‌మంటాను, లేకపోతే నోరు మూసుకుంటాను. నాకు వచ్చిన విద్య ఇంతే. నన్ను తయారుచేసిన షెడ్డులో ఒక మేకు చూపించారు, కూశాను. మేకు తీశారు, ఊరుకున్నాను. పాసైందన్నారు. ఇంత తేలిక పరీక్ష పెట్టి, ఆ తర్వాత ప్రాణాలు చేతిలో పెట్టడం మనుషులకే చెల్లింది.

నేను చేరింది పశువుల ఆసుపత్రికి. గేదెలు మేతతో పాటు మేకులూ తీగముక్కలూ మింగేస్తుంటాయి. అవి గుండె దాకా గుచ్చుకుంటే గేదె బతకదు. కడుపులో ఇనుముందో లేదో చెప్పడం నా పని.

కొత్తలో డాక్టర్ స్వరూపకు నేను ఓ పట్టాన లొంగలేదు. గేదెను ఇనుప గొట్టాల బోనులో నిలబెట్టి నన్ను పొట్టకు ఆనించేది. నేను గొంతు చించుకునేదాన్ని. ఏ గేదెకైనా అదే వరస. “ఇదేందమ్మా, ఊళ్లో బర్రెలన్నీ ఇనుమే మేత్తన్నయ్యా?” అన్నాడు అటెండరు సైదులు. అప్పుడు గేదెను బయట చెట్టుకు కట్టించి, దాని మెడలో గొలుసు తీయించింది. అయినా కూశాను. ఈసారి ఆమె గాజులకు. గాజులు తీసి పక్కన పెట్టింది. గేదె యజమాని జేబులో తాళాలగుత్తికి కూశాక అతన్ని కూడా దూరంగా పంపింది. అలా అలా నా కూత ఆమెకు అర్థమైంది. కూయకపోతే దానికి అర్థమేమిటో మాత్రం ఎవరూ నేర్చుకోలేదు.

ఒకనాడు చినవెంకయ్య గేదె ముందుకాలు పక్కన కూశాను. స్వరూప కోసి చూస్తే కంచెతీగ ముక్క బయటపడింది. గేదె బతికింది. ఇక చూసుకోండి నా వైభవం! దగ్గొచ్చిన గేదెనూ, పాలు తగ్గిన గేదెనూ తోలుకొచ్చి, “ఓసారి కర్ర పెట్టమ్మా” అని అడిగేవాళ్లు. నేను కూయకపోతే చేతులెత్తి దణ్ణం పెట్టి వెళ్లిపోయేవాళ్లు. నాకూ కాస్త కళ్లు నెత్తికెక్కాయని ఒప్పుకోవాలి.

ఆ రోజుల్లోనే దీనమ్మ తన గేదెతో వచ్చింది. మొగుడు పోయాక ఆ గేదె పాలతోనే ఆమె ఇల్లు నడుస్తోంది. “మేత ముట్టడంలా, నెమరెయ్యడంలా డాక్టరమ్మా. ఎడం డొక్క రాయి మాదిరుంది, ఓసారి చెయ్యేసి చూడు” అంది. వెనక గేదెలు బారులు తీరి ఉన్నాయి. స్వరూప నన్ను పొట్ట కింద అటూ ఇటూ తిప్పింది. అక్కడ ఇనుము లేదు. నేను కూయలేదు.

“ఏం లేదు దీనమ్మా, కంగారుపడకండి. అరుగుదలకు పొడి ఇస్తాను” అంది స్వరూప.

“ఏం లేదంటే ఏం లేనట్టే గదా?”

“మిషన్ కూయలేదుగా!”

దీనమ్మ నన్ను కళ్లకద్దుకుంది. నేను అబద్ధం చెప్పలేదు, చెప్పడం నాకు రాదు. కానీ ఆ చేతుల్లో ఉన్నంతసేపూ నాకు భయమేసింది. నేను అనని మాట ఒకటి నా పేరుమీద ఆ ఇంటికి వెళ్లిపోతోంది. నాకున్నదల్లా ఒక్క కూత. దాంతో దీనమ్మను వెనక్కి ఎలా పిలవను?

కొన్నాళ్లకు దీనమ్మ మళ్లీ తోలుకొచ్చేసరికి గేదె ఆసుపత్రి గేటు దగ్గరే కూలబడింది. స్వరూప పరుగున వెళ్లి ఈసారి డొక్క మీద చెయ్యేసింది. వేసిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. కోయడానికి కత్తి తెచ్చేలోపే గేదె కళ్లు తేలేసింది.

ఎందుకు పోయిందో తేలాలని పొట్ట కోశారు. కల్యాణ మండపం వెనక పారేసిన ఎంగిలి మూటలను మూటలకు మూటలే మింగింది కాబోలు, కడుపు నిండా ప్లాస్టిక్ కవర్లే. ఒకదానికొకటి పెనవేసుకుని తలదిండంత ముద్దయ్యాయి. సైదులు ముక్కుకు తువ్వాలు కట్టుకుని వాటిని లాగుతుంటే దీనమ్మ పక్కనే నిలబడి చూసింది. ఏడవలేదు.

“ఇన్ని ఉంటే ఆ కర్ర కుయ్యలేదేందమ్మా?”

“అది ఇనుముకే కూస్తుంది. కవర్లకు కూయదు.” అంది స్వరూప.

“ఆ ముక్క ఆ రోజే చెప్పుంటే, ఇంకో ఆసుపత్రికన్నా తోలుకపోయేదాన్ని గదమ్మా.”

స్వరూప తల వంచుకుంది.

ఆ వేసవంతా దీనమ్మ మా గేటు తొక్కలేదు. ఊళ్లో తక్కినవాళ్లు మాత్రం ఏం మారలేదు. కూతకర్ర పెట్టమని అడుగుతూనే ఉన్నారు. నేను కూయనప్పుడల్లా స్వరూప, “ఇనుము లేదు, అంతవరకే తెలిసింది” అని చెప్పి డొక్క మీద చెయ్యి వేస్తోంది. వాళ్లు ఆ మాట సగమే విని అప్పటికే తాడు విప్పుకుంటుంటారు.

తొలకరి పడ్డాక ఒక పొద్దున దీనమ్మ వచ్చింది. చనిపోయిన గేదె పెయ్యదూడను పలుపు పట్టుకుని తోలుకొచ్చింది. దూడ కడుపు ఉబ్బి ఆయాసపడుతోంది. ఇప్పుడు ఆమెకు మిగిలింది అదొక్కటే. స్వరూప లేచి నిలబడింది. సైదులు హడావిడిగా నన్ను తీసి స్విచ్ వేయబోయాడు.

“అదొద్దు సైదులూ” అంది దీనమ్మ. స్వరూప చేతిని తనే పట్టుకుని దూడ డొక్క మీద ఆనించింది. “నువ్వు చూడమ్మా.”

సైదులు నన్ను బల్లమీద పెట్టేశాడు. స్వరూప కళ్లు మూసుకుని, దూడ ఊపిరి తీసినప్పుడల్లా వేళ్లు కదుపుతూ చాలాసేపు తడిమి చూసింది. దీనమ్మ ఆమె ముఖంలోకే చూస్తూ నిలబడింది.