ఫొటో కింది అక్షరాలు

గురువారం మధ్యాహ్నం మా వరండాలో రెండు గోనె మూటలు దిగాయి. పోర్ట్ బ్లెయిర్ జెట్టీ నుంచి వాటిని బస్సు మీద వేయించి, వానలో తడుస్తూ ఫెరార్‌గంజ్ దాకా తెచ్చిన ఘనుడు నా భర్త శేషయ్య. ఈ ఊళ్లో తెలుగు సంఘానికి పాస్టరు. అంత దూరం మోసుకొచ్చిన మనిషి లోపలేముందో చూడనైనా లేదు. మా అమ్మాయి సింధూరి మూట మూతి విప్పి ఒక స్వెట్టరు, దాని కింద ఇంకో స్వెట్టరు, ఆ కింద మోకాలి దగ్గర చిరిగిన ప్యాంటు తీసి నా ముందు పరిచింది.

“మమ్మీ, ఇవన్నీ ఎవరికి?”

“మన సంఘానికి. మనం అడవిలో ఉంటున్నాం కదా,” అన్నాను.

మమ్మల్ని ఇక్కడికి పంపిన మిషను గోదావరి పక్క ఒక ఊళ్లో ఉంది. వాళ్ల మాసపత్రికలో మా కబుర్లు ‘విదేశీ సేవ’ అనే పేరు కింద వేస్తారు. అయ్యా, ఇది మన దేశమే, మన రూపాయే చెల్లుతుంది అని తొమ్మిదేళ్లుగా చెప్పి చెప్పి నా నోరు అరిగింది. సముద్రం దాటారుగా అంటారు. మా సంఘంలో సగం మంది తాతల నాడు శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు. మిగతావాళ్లు ఉద్యోగాలకు వచ్చి ఇక్కడే ఇళ్లు కట్టుకున్నవాళ్లు. గవరయ్యగారు అటవీ శాఖలో రిటైరయ్యారు. ఇద్దరు టీచర్లున్నారు, కొందరికి వక్కతోటలున్నాయి. ఆదివారం మందిరానికి నడిచి వచ్చేది పాస్టరు కుటుంబం ఒక్కటే. అందరూ స్కూటర్ల మీద వస్తారు. అలాంటివాళ్లకు స్వెట్టర్లట, అందులోనూ చెమటలు కారే ఈ దీవిలో.

మిషను కార్యదర్శి గణేశ్వరరావుగారు, ఆయన భార్య శ్రీలక్ష్మిగారు శుక్రవారం విమానంలో వస్తున్నారు. ఆదివారం ఆరాధన అయ్యాక ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి ఆ బట్టలు పంచుతారు. పత్రికకు ఫొటోలు తీస్తారు. పేరు పిలవగానే వెళ్లి ఆ చిరిగిన ప్యాంటు అందుకోండని గవరయ్యగారికి ఎవరు చెప్పాలి? నేనే చెప్పాలి. శేషయ్య మాత్రం “ప్రార్థన చేద్దాం ప్రమీలా” అన్నాడు. ఇంట్లో గ్యాసు అయిపోయినా ఆయన అనేది అదే.

స్వెట్టర్ల సంగతి ఎలాగోలా గడుస్తుంది. నా గుండెలో రాయి పడింది గణేశ్వరరావుగారు ఫోన్లో అన్న చివరి మాటకు.

“అమ్మా, మీరు చీర ఇచ్చి రక్షించారే, ఆ ఎరుకమ్మ ఉందా ఇంకా? ఆమెకి మా ఆవిడ పట్టుచీర తెస్తోంది.”

ఎరుకమ్మ లేకేం. ట్రంకు రోడ్డు మీద ఆవిడకు చేపల కొట్టుంది. అరవై దగ్గర పడ్డా ఊరందరికీ దీదీయే. మా మందిరానికి మొదటి రాయి వేసింది ఆవిడ నాన్న. ఆవిడ బాప్తిస్మం తీసుకునేనాటికి నేను ఉయ్యాలలో ఉన్నాను.

మేము వచ్చిన మొదటి వానాకాలంలో అద్దె ఇంటి కప్పు కారి బట్టల పెట్టె మొత్తం తడిసింది. వారం రోజులు ఎండ లేదు. బూజు పట్టిన చీర ఒంటి మీదే ఆరబెట్టుకుంటూ, జ్వరంతో గుమ్మంలో నిలబడి ఉన్నాను. చేపల తట్ట దించడానికి వచ్చిన ఎరుకమ్మ నన్ను ఎగాదిగా చూసి, ఏమీ అడక్కుండా వెళ్లిపోయి, పావుగంటలో ఒక ఆకుపచ్చ చీర తెచ్చి నా చేతిలో పెట్టింది. పసుపు అంచు. అప్పటికి ఒకసారే ఉతికిన చీర.

అదే నెలలో మిషను నుంచి కబురొచ్చింది. నెలకో సాక్ష్యం రాసి, ఫొటోతో పంపాలి. పంపనివాళ్ల సంగతి కమిటీ మళ్లీ ఆలోచిస్తుంది. శేషయ్య మంచం పట్టి ఉన్నాడు. నేనే కాగితం ముందు కూర్చున్నాను. రాయడానికి ఒక్కటే సంగతి ఉంది, చీర సంగతి. కానీ పాస్టరు భార్యకే చీర లేదని రాస్తే ఎవరు వేస్తారు? అందుకని ఎవరు ఎవరికి ఇచ్చారన్నది మాత్రం తిప్పి రాశాను. మందిరం ముందు నిలబెట్టి తీసిన ఎరుకమ్మ ఫొటో జత చేశాను. రెండు నెలలకు పత్రిక వచ్చింది. పేజీ నిండా ఎరుకమ్మ, కింద నా రాత.

ఎరుకమ్మకు తెలుగు మాట్లాడటమే గాని చదవడం రాదు. ఇక్కడ పుట్టి, హిందీ బడిలో ఐదో తరగతి దాకా చదివింది. ఆ పేజీ చూసి మురిసిపోయి, ఏం రాశారో చదవమంది. చదివాను. అంటే, జరిగింది చెప్పాను. దూరం నుంచి వచ్చిన దైవసేవకురాలికి ఎరుకమ్మ అనే సహోదరి తన చీర ఇచ్చి ఆదుకుంది అని, కళ్లు కాగితం మీదే ఉంచి, ఎక్కడా తడబడకుండా చదివాను. ఆవిడ ఆ పేజీకి అద్దం కట్టించి కొట్లో తక్కెడ పైన వేలాడదీసింది.

తొమ్మిదేళ్లు. చేపలకు వెళ్లిన ప్రతిసారీ ఆ ఫొటో నన్ను చూసేది. ఏడాదికోసారి, పండగ ముందు దుమ్ము దులిపినప్పుడు, మళ్లీ చదవమనేది. మళ్లీ చదివేదాన్ని. తెలుగు చదవగలిగినవాళ్లు కొట్టుకు రాకపోలేదు. తక్కెడ పైన అంత ఎత్తున ఉన్న సన్నక్షరాల జోలికి వాళ్లెవరూ పోలేదు. చెప్పేద్దామని శేషయ్యతో ఎన్నిసార్లు అన్నానో. “మంచి సమయం చూసి చెబుదాం,” అనేవాడు. ఆ మంచి సమయం ఏ ఓడలో వస్తోందో మరి.

శుక్రవారం అతిథులు దిగారు. కారు దిగుతూనే గణేశ్వరరావుగారు మా డాబా ఇంటిని చూసి కొంచెం చిన్నబోయారు. భోజనం దగ్గర, అడవి మనుషులను ఎప్పుడు చూపిస్తారని అడిగారు. వాళ్ల ఫొటో తీస్తే జైలుకు పోతారండీ, వాళ్ల మానాన వాళ్లను ఉండనివ్వాలి అన్నాను. మా సంఘంలో పాతబట్టలు అవసరమైనవాళ్లు ఎవరూ లేరని కూడా, కూర వడ్డిస్తూనే, రెండుసార్లు చెప్పాను.

“చూశావా శ్రీలక్ష్మీ, ఇక్కడివాళ్ల వినయం,” అన్నారాయన.

శనివారం పొద్దున్నే ఎరుకమ్మ కొట్టుకు పరుగెత్తాను. అద్దం తుడిపించి తెస్తానని చెప్పి ఆ ఫొటో పట్టుకొచ్చేద్దామని నా ఆలోచన. వెళ్లేసరికి తక్కెడ పైన మేకు మాత్రమే ఉంది.

“ఫొటో నేనే దింపీసినాను అమ్మగోరూ,” అంది ఎరుకమ్మ. “అద్దం సాఫ్ సేసి కొత్త తాడు కట్టినాను. రేపు పెద్దయ్యగోరు వస్తన్నారు గదా, ఆరిచేత సర్చిలో సదివించుకుంటాను. మీరు సదివినారు, ఠీక్ హై. మగర్ అందరూ కూకుని వింటే ఆ బాతే వేరు. మా బాబ్జీ, కోడలు కూడా వండూర్ నుంచి వస్తన్నారు. ఆడికీ తెలుగు సదవడం రాదు, ఎప్పుడూ అడుగుతాడు, అమ్మా నీ గురించి ఏటి రాసినారని.”

“దీదీ, ఒక మాట...” అన్నాను.

“సెప్పండి.”

చెప్పి ఉండొచ్చు. కొట్టు ముందు ఒక్క మనిషి లేడు. అప్పుడే ఫోన్ మోగింది. బాత్రూంలో నీళ్లు రావడం లేదని శ్రీలక్ష్మిగారు. వస్తున్నానండీ అన్నాను. మామూలుగా అయితే ఒళ్లు మండేది. ఆ రోజు బతికిపోయాననిపించింది. ఎరుకమ్మ తూచిన చేపల మీద ఎప్పటిలాగే రెండు కానాగంతలు కొసరు వేసి పంపింది. తొమ్మిదేళ్లలో ఆవిడ నాకు కొసరు వేయని రోజు లేదు.

ఆదివారం మందిరం నిండిపోయింది. రెండు గోనె మూటలూ ముందు వరసలో పెద్దమనుషుల్లా కూర్చున్నాయి. ప్రసంగం అయ్యీ అవ్వగానే ఎరుకమ్మ లేచింది. గంజి పెట్టిన తెల్లచీర, చంకలో ఫొటో. తిన్నగా వెళ్లి దాన్ని గణేశ్వరరావుగారికి అందించి, “పెద్దయ్యగోరూ, ఇది కొంచెం గట్టిగా సదవండి,” అని, చేతులు కట్టుకుని జనం వైపు తిరిగి నిలబడింది. రెండో వరసలో బాబ్జీ ఫోన్ పైకెత్తి వీడియో తీయడం మొదలుపెట్టాడు.

ఆయన కళ్లజోడు కోసం జేబులు వెతుక్కుంటున్నారు. నా కాళ్లు ఎప్పుడు లేచాయో నాకే తెలియదు.

“నేను చదువుతానండీ. రాసింది నేనే.”

ఆయన సంతోషంగా ఇచ్చేసి, పట్టుచీర సంచీ ఎక్కడ పెట్టామని భార్యను అడగడంలో పడ్డారు. శేషయ్య ముఖంలో ఊరట కనిపించింది. నేను ఎప్పటిలాగే చదివేస్తానని ఆయన నమ్మకం. నిజానికి నేనూ అందుకే లేచాను. ఆ నాలుగు ముక్కలూ చదివేసి కూర్చుంటే గండం గడిచినట్టే.

ఎరుకమ్మ వైపు చూశాను. నేనింకా నోరు తెరవలేదు, ఆవిడ పెదవులు కదులుతున్నాయి. నేను ఏటేటా చదివిన ఆ మాటలు ఆవిడకు కంఠతా వచ్చు.

నాకు ఒక్కసారిగా విసుగొచ్చింది. మూటలు పంపిన మిషను మీద, ప్రార్థన చేద్దామనే మొగుడి మీద, వాన మీద, నీళ్లు రాని కుళాయి మీద తొమ్మిదేళ్లు విసుక్కున్నాను. విసుక్కోవలసిన మనిషిని, నన్ను ఒక్కదాన్నే వదిలేశాను. ఆవిడ మనవలు కూడా ఆ ఫోన్లో నా అబద్ధమే వినాలా? అచ్చులో ఉన్నది ఉన్నట్టు చదివాను.

“ఒంటి మీద సరైన గుడ్డయినా లేని ఎరుకమ్మ అనే ద్వీపవాసి మా గుమ్మంలో నిలబడింది. దేవుణ్ణి ఎరుగనిది. మా దగ్గర ఉన్నవి రెండే చీరలు. అందులో ఒకటి ఆమెకు ఇచ్చాను. ఆమె కన్నీళ్లతో అది కట్టుకుంది. ఆ రోజే రక్షణలోకి వచ్చింది.”

మొదటి వాక్యానికే ఎరుకమ్మ పెదవులు ఆగిపోయాయి. బాబ్జీ ఫోన్ దించేశాడు.

“ఇదేనా రాసినాది?” అంది ఎరుకమ్మ.

“ఇదే.”

“మరి ఇన్నాళ్లూ నాకు సదివినాది?”

“అది జరిగింది దీదీ. జరిగింది నీకు చెప్పాను. రాసింది మాత్రం ఇది. చీర ఇచ్చింది నువ్వు, కట్టుకున్నది నేను. ఇలా రాస్తేనే మమ్మల్ని ఇక్కడ ఉంచుతారనుకున్నాను. తప్పు నాది. నాకు సిగ్గుగా ఉంది.” ఆ మాట జనం వైపు తిరిగి ఇంకోసారి చెప్పాను.

గణేశ్వరరావుగారు గొంతు సవరించుకుని, సాక్ష్యం అన్నాక కొంచెం అటూ ఇటూ ఉంటుంది అన్నారు. ఎవరూ ఆయన వైపు చూడలేదు. శ్రీలక్ష్మిగారికి పాపం ఏం చేయాలో తోచలేదు. చేతిలో ఉన్న పట్టుచీరను ఎరుకమ్మ వైపు చాపారు. ఎరుకమ్మ అందుకుంది. దాన్ని తెచ్చి నా భుజం మీద వేసింది.

“కట్టుకోండి అమ్మగోరూ. ఇది రెండోది.”

నా చేతిలోంచి ఫొటో తీసుకుని, కొడుకునీ కోడలినీ వెంటబెట్టుకుని వెళ్లిపోయింది. సంఘ భోజనానికి ఆగలేదు. మూటల జోలికి ఎవరూ పోలేదు. గవరయ్యగారు మాత్రం వెళుతూ వెళుతూ వాటి మీద ఒక చూపు, నా మీద ఒక చూపు వేసి వెళ్లారు. రెండు చూపులూ ఒక్కలాగే ఉన్నాయి.

సోమవారం ఉదయం అతిథులు బయలుదేరారు. మా సంగతి కమిటీలో మాట్లాడతామన్నారు. మాట్లాడుకోనీ. కారు మలుపు తిరగగానే శేషయ్య “ప్రార్థన చేద్దామా?” అన్నాడు.

“మీరు చేయండి. నేను చేపలకు వెళ్తున్నాను,” అన్నాను.

దారిలో రెండుసార్లు ఆగాను. అయినా వెళ్లాను. తక్కెడ పైన మళ్లీ ఫొటో వేలాడుతోంది. అందులో ఎరుకమ్మ ఉంది. కింద అక్షరాలు ఉండే చోట ఖాళీ అట్ట కనిపిస్తోంది. కత్తెరతో తిన్నగా కోసినట్టుంది.

“ఏటి కావాలి?” అంది నా వైపు చూడకుండా.

“అరకిలో కానాగంతలు.”

తూచింది. ముల్లు నిలబడేదాకా చూసి, అటూ ఇటూ కాకుండా సరిగ్గా అరకిలో సంచీలో వేసింది. కొసరు లేదు. డబ్బులిచ్చి వెనక్కి తిరిగాను.

“ఆగండి,” అంది.

కింద పెట్టెలో చెయ్యి పెట్టి ఏవో తీసి, పక్కనున్న కాగితంలో చుట్టి నా సంచీలో పడేసింది. “కొసరు మర్సిపోనాను,” అని, నా వెనకాల వచ్చినావిడతో హిందీలో బేరంలో పడిపోయింది.

ఇంటికొచ్చి పొట్లం విప్పాను. అవి నా అక్షరాలే. ఒంటి మీద సరైన గుడ్డయినా లేని అన్న దగ్గర నుంచి రక్షణలోకి వచ్చింది దాకా, చేపల నీళ్లకు తడిసి ఒకదాన్నొకటి అంటుకుని ఉన్నాయి. లోపల రెండు కానాగంతలు. నేను కొన్నవాటికంటే పెద్దవి.