మా అమ్మ మూసిన తలుపు

మిషను దొరసాని నేర్పిందట, ఈడొచ్చిన ఆడపిల్లల్ని గదిలో కూర్చోబెట్టి బుద్ధులు చెప్పడం మా సంఘానికి దొరసానే నేర్పిందట, ఈ బొమ్మల పుస్తకంలో నున్నటి కాగితం మీద అచ్చేసి మరీ రాశారు, మనవరాలు తియామికే చదువుతుంటే నా చెవుల్లో సీసం పోసినట్టుంది, పాస్టరు చిసాలేకి మాత్రం చీమ కుట్టినట్టైనా లేదు, మందాజీ బూరె నములుతూ, అవ్వనని గోగో అంటూనే, బొమ్మలు బాగున్నాయి గోగో, చర్చి బీరువాలోకి ఒక్క చరిత్ర పుస్తకమే కదా, ఇదే కొందాం అంటాడు, ఆ నోటికి అడ్డూ ఆపూ లేదు, వాడి తల్లికి బుద్ధులు చెప్పింది మా అమ్మ నబంద కాదూ, దొరసానికి మా భాషలో ఉప్పడగడం కూడా వచ్చేది కాదు, రేపు నా మునిమనవరాళ్ళు ఇదే చదివి దొరసానికి దణ్ణాలు పెడతారు, మట్టిలో ఉన్న అమ్మ ఏమైపోవాలి.

కొనడానికి తెచ్చిన ఆ రెండో పుస్తకమూ తగలెయ్యాల్సిందే, ఇటుకంత లావు, ఒక్క బొమ్మ లేదు, ఆడవాళ్ళ గురించి ఒకే ఒక్క పుటట, దాన్ని రాసిన పెద్ద చదువులావిడ నాకు గుర్తే, అమ్మ బతికున్నప్పుడు జోంబా కొండ మీంచి వాన దిగుతుంటే బురదకాళ్ళతో వచ్చింది, గదిలో పిల్లలకి ఏం చెప్తారమ్మా అనడిగింది, అమ్మ రోకలి ఆపకుండానే, నీకు తల్లి లేదా, వెళ్ళి ఆమెనడుగు అంది, లోపలికెళ్ళి తలుపేసుకుంది, నేను నవ్వాపుకోలేక చచ్చాను, పాపం ఆవిడ వాన తగ్గేదాకా అరుగు మీద మా వేరుశెనగలు ఒలిచిపెట్టి వెళ్ళింది, ఆ ఒక్క పుటలో ఏం కూసిందో చదవవే తియామికే.

చదివింది, ఇక్కడి స్త్రీలు తమ బుద్ధులేమిటో నాకు చెప్పలేదు, నబంద అనే పెద్దావిడ తలుపు మూసింది, అది ఆమె హక్కు, నేనక్కడే ఆగిపోయాను, అంతే, చిసాలే పకపకా నవ్వి, తెలీదని రాసుకున్న పుస్తకం మనకెందుకు గోగో అన్నాడు, నా ఒళ్ళు మండిపోయింది, ఒరే చిసాలే, నీ గొప్ప పుస్తకం తలుపు బద్దలుకొట్టి దొరసానిని కూర్చోబెట్టిందిరా, ఇది కొను అన్నాను, వాడు మందాజీ కింద పెట్టాడు, తియామికే ఆ పుట మీంచి వేలు తియ్యలేదు, ఇంకా మండుతూనే ఉంది నాకు, అయినా ఇంత లావు పుస్తకంలో మా అమ్మ ఉన్నది ఆ మూసిన తలుపు వెనకే, చెప్పననే హక్కుతో సహా అచ్చంగా అమ్మే, బయట ఒకావిడ తలుపు తొయ్యకుండా కూర్చుని వేరుశెనగలు ఒలుస్తోంది.