చుట్లమ్మ గది గడియ

పొద్దున్నే టీ గ్లాసు కడిగి బోర్లించి చుట్లమ్మ మేడమీది గదిలోకి వెళ్లేది. వెనకాలే వాళ్ల బావగారు వచ్చి బయట గడియ పెట్టేవాడు. భోజనానికి తీసేవాడు, తిన్నాక మళ్లీ పెట్టేవాడు. పద్నాలుగేళ్లుగా ఆ ఇంట్లో ఇదే వరస.

గడియ ఎందుకో చెబుతాను. ఫ్యాను కాలిపోతే లోపలి రాగితీగ అంతా విప్పేసి, కొత్త తీగ మళ్లీ అన్నే చుట్లు చుట్టాలి. చుట్లు తగ్గితే ఫ్యాను వేడెక్కిపోతుంది, పెరిగితే నీరసంగా తిరుగుతుంది. అప్పట్లో లెక్కంతా నోటితోనే. భర్త పోయి, ఆయన ఫ్యాన్లు చుట్టే బల్ల దగ్గర ఈమె కూర్చున్న కొత్తలో, ఎవరో తలుపు తోసి "కత్తెర ఉందా?" అని అడిగారు. మూడొందల నలభై దగ్గర లెక్క పోయింది. చుట్టిందంతా విప్పుకుంటూ ఏడ్చేసి, "ఎవరూ రాకుండా బయట గడియ పెట్టండి బావగారూ" అని తనే అడిగింది.

ఆమె చుట్టిన ఫ్యాన్లు లెక్కపెట్టేవి. స్విచ్చి వేయగానే ఆమె గొంతుతో ఒకటి, రెండు అని మొదలుపెట్టి, చుట్లన్నీ అయ్యాక మళ్లీ ఒకటికి వచ్చేవి. ఆ చుట్టుపక్కల పిల్లలకు అంకెలు వచ్చింది అలాగే.

"మా ఫ్యాను రెండొందల పన్నెండు దగ్గర దగ్గుతోందండీ" అన్నాడోసారి పళ్ల డాక్టరు.

"ఆ వారం మా మరదలికి జలుబు లెండి" అన్నాడు బావగారు.

"జలుబు సరే, అది దగ్గినప్పుడల్లా కుర్చీలో వాళ్లు ఉలిక్కిపడి నోరు మూసేస్తున్నారు. నా వేలు మధ్యలో ఉంటోంది!"

రెండు వీధుల అవతల చెల్లెలి కుట్టు దుకాణంలోనూ అక్క ఫ్యానే. నెలల తరబడి అక్క రాకపోయినా, నెత్తిమీద ఆ గొంతు వింటూ 'పాపం, అక్క పనిలో ఉంది' అనుకుని చెల్లెలు మిషను తొక్కేది.

ఒకరోజు బావగారు చుట్టే మిషను కొనుక్కొచ్చాడు. పిడి ఒకసారి తిప్పితే చిన్న అద్దంలో అంకె ఒకటి మారుతుంది.

"ఇక నీ నోటికి సెలవమ్మా" అని నవ్వి, బయటికెళ్లి గడియ పెట్టాడు.

మర్చిపోయి పెట్టాడనుకుంది. భోజనాల దగ్గర అడిగింది. "లెక్క మిషనే పెడుతోందిగా బావగారూ, ఇంకా గడియెందుకు? ఒక్క పూట చెల్లెలి దగ్గర కూర్చుని వస్తాను."

"ఈ ఫ్యాన్లు అవనీ, చూద్దాం. తలుపు తీసి ఉంటే నలుగురూ చేరతారు. అయినా పెట్టమన్నది నువ్వే కదమ్మా?"

అది నిజమే. ఫ్యాన్లంటారా, అవి అయ్యేవి కావు.

ఆ వారమే చెల్లెలి ఫ్యాను కాలి బల్లమీదికి వచ్చింది. రెక్కకు దారప్పోగులు ఇంకా అంటుకునే ఉన్నాయి. చుట్లమ్మ పిడి తిప్పింది. నోటికి అంకెలు లేవు. ఖాళీ నోట్లోకి వేరే మాటలొచ్చాయి.

ఫ్యాను బిగించిన రోజు చెల్లెలు స్విచ్చి వేసింది. జాకెట్టు కొలత ఇస్తున్నావిడ తలెత్తి చూసింది. "అదేంటి, లెక్క మానేసిందా?"

"ఉండండి, మా అక్క మాట్లాడుతోంది."

"చెల్లీ, కిటికీలోంచి ఎదురింటి గోడే కనిపిస్తుందే. దానికి మూడు పగుళ్లు. పని ఎక్కువై కాదే నేను రానిది. గడియ బయట ఉంది. నేనే పెట్టమన్నాను, తీయమంటే తీయడం లేదు." అని, మళ్లీ "చెల్లీ" అంటూ మొదలైంది.

మెడలో టేపు అలాగే ఉండగా చెల్లెలు బయల్దేరింది.

"ఏమ్మా, ఫ్యాను బాగా తిరుగుతోందా?" అన్నాడు బావగారు కింది ఫ్యాన్ల కొట్లోంచి.

"బాగా మాట్లాడుతోంది" అని ఆగకుండా మెట్లెక్కింది. వాడీవాడీ నున్నబడ్డ గడియ ఒక్క లాగుకే వచ్చేసింది. కడ్డీ మొత్తం ఊడదీసి సంచిలో వేసుకుంది.

"రా అక్కా."

"ఇంకా అరవై చుట్లున్నాయే. మధ్యలో వదిలేస్తే..."

"వదిలేయ్. మిషను గుర్తుపెట్టుకుంటుంది."

చుట్లమ్మ అద్దంకేసి చూసింది. రెండొందల ఎనభైఒకటి. చెయ్యి తీసింది. అంకె కదల్లేదు.

మెట్లు దిగుతూ అలవాటుకొద్దీ పైకే లెక్కపెట్టింది. పద్దెనిమిది. ఇంకా ఎక్కువుంటాయనుకుంది.

మర్నాడు తలుపు బార్లా తీసుకుని, రెండొందల ఎనభైరెండు నుంచి మొదలుపెట్టింది.