ముప్పై ఒకటో గాలిమర

మొగుడి మీద బెంగ పుట్టినప్పుడల్లా అల్ఫియా కంప్యూటర్ తెర వైపు చూస్తుంది. అందులో అతని ఫోటో ఉండదు, వీడియో ఉండదు. నలభై గాలిమరల నంబర్లున్న పట్టిక ఉంటుంది, అంతే. తిరుగుతున్న మర పక్కన ఆకుపచ్చ గుర్తు. ఎవరైనా మరమ్మతుకు ఎక్కితే మరను ఆపి తాళం వేస్తారు, గుర్తు పసుపురంగుకు మారుతుంది. ఆ పసుపు గుర్తే షాకీర్. గుజరాత్‌లో, కచ్ తీరాన, ఎనభై మీటర్ల ఎత్తున మోకాళ్ల మీద కూర్చుని బోల్టులు బిగిస్తుంటాడు. ఈమె స్టేషన్ ఘన్‌పూర్‌లో, వంటింటి పక్క గదిలో, చాయ్ గ్లాసు చేతపట్టుకుని ఆ గుర్తు పచ్చబడేదాకా చూస్తుంటుంది. మొగుణ్ని ఇలా చూసుకునే పెళ్లాం ఆ ఊళ్లో ఇంకొకరు లేరు.

పెళ్లై మూడేళ్లు. కలిసి ఉన్న రోజులన్నీ పోగేస్తే నాలుగు నెలలు కూడా కావు. షాకీర్ తండ్రి రహీం భూపాలపల్లిలో భూమిలోకి దిగి బొగ్గు తవ్వి, చివరికి ఆయాసంతో పోయాడు. భూమిలోకి దిగనని తల్లి ఖమర్ బీ కొడుకు చేత ఒట్టు వేయించుకుంటే, వాడు ఆకాశంలోకి ఎక్కాడు. అల్ఫియాది మహబూబాబాద్. ఎలక్ట్రికల్ డిప్లొమా చదివింది కదా అని, తన కంపెనీలోనే ఇంటి నుంచి చేసే కొలువు షాకీరే చూపించాడు. "ఒక్క కంపెనీల ఉంటే ఒక్క ఇంట్ల ఉన్నట్టే" అన్నాడు. మాటలకేం, ఎన్నైనా చెబుతాడు.

మరల కుదుపు కనిపెట్టడం ఆమె పని. మూడు రెక్కలూ ఒకే బరువుతో, ఒకే కోణంలో ఉంటే మర నిమ్మళంగా తిరుగుతుంది. పైన గాలి ఎక్కువ, కింద తక్కువ కాబట్టి పైకి వెళ్లిన ప్రతి రెక్కా కాస్త ఎక్కువ భారం మోసి దిగుతుంది. అలా చుట్టుకు మూడు చిన్న కుదుపులు మామూలే. చుట్టుకు ఒక్కటే పెద్ద కుదుపు వచ్చిందంటే మాత్రం, ఒక రెక్క మిగతా రెండింటితో కలవడం లేదని అర్థం. రెక్క వంగిన సీలింగ్ ఫ్యాన్‌లా మొత్తం స్తంభమే ఊగుతుంది. పట్టించుకోకపోతే బోల్టులు వదులవుతాయి.

సోమవారం పొద్దున ముప్పై ఒకటో మరలో ఆ ఒక్క కుదుపు కనిపించింది.

మర దానంతటదే ఆగిపోయే హద్దు ఇంకా దూరంలో ఉంది. ఆ హద్దు దాటనంతవరకు నిర్ణయం అల్ఫియాదే. రిపోర్టులో రెండు గడులు. ఒకటి "గమనిస్తున్నాం", రెండోది "వెంటనే ఎక్కాలి". రెండోది నొక్కితే ఎక్కేది ఎవరో ఆమెకు బాగా తెలుసు. ఆ సైటులో రెక్కల కోణం సరిచేయడం వచ్చినవాళ్లు ఇద్దరే, అందులో ఒకడు కాలు విరిగి మంచాన పడ్డాడు. ఎక్కితే మూడు రెక్కలూ కొలిచి సరిచేయడం, బోల్టులన్నీ పరీక్షించడం, రెండు వారాల పని. షాకీర్‌కు గురువారం రైలు. ఏడు నెలల తర్వాత దొరికిన పన్నెండు రోజుల సెలవు. ఇది తప్పితే జూన్ నుంచి గాలికాలం, నాలుగు నెలలు సెలవులే ఉండవు.

అల్ఫియా "గమనిస్తున్నాం" నొక్కింది. అతను రైలెక్కాక రెండోది నొక్కుదాం, వేరే సైటు నుంచి ఎవరో ఒకరు రాకపోరు అని తనకు తానే నచ్చజెప్పుకుంది.

మంగళవారం కుదుపు కొంచెం పెరిగింది. మళ్లీ అదే గడి. బుధవారం ఇంకా పెరిగింది. అవతల ఖమర్ బీ సంబరం చెప్పనలవి కాదు. నెల్లికుదురు చుట్టాలతో నాటుకోడి తెప్పించి, దాని మేతా నీళ్లూ తానే చూసుకుంటోంది.

పదిన్నరకు షాకీర్ ఫోన్ చేశాడు. ఎదురెదురుగా ఉంటే ఇద్దరూ దక్కనీ ఉర్దూ మాట్లాడుకుంటారు, ఫోన్‌లో మాత్రం తెలుగు. అతని గదిలో ఉండే బిహార్, రాజస్థాన్ వాళ్లకు దక్కనీ సగం అర్థమై ఆట పట్టిస్తారు. తెలుగైతే ఒక్క ముక్క తెలియదు. మూడేళ్లుగా వాళ్ల ముద్దూ మురిపెం అంతా తెలుగులోనే సాగుతోంది.

"బ్యాగు సర్దినవా?" అంది.

"సర్దిన." గాలి హోరులో గొంతు పెంచాడు. "అల్ఫియా, ముప్పై ఒకటి నీకాడ ఎట్ల కనవడుతున్నది?"

ఆమె చాయ్ గ్లాసు కింద పెట్టింది. "ఎందుకట్ల అడుగుతున్నవ్?"

"దాని కిందనే ఉన్న. స్తంభం మీద చెయ్యి పెడితే కొడుతున్నది. చుట్టుకు ఒక్క దెబ్బ. ఆదివారం సంది గిట్లనే ఉన్నది. నేను రిజిస్టర్ల రాయలే."

"ఎందుకు రాయలే?"

"ఎందుకేంది? రాస్తే నన్నే ఎక్కుమంటరు."

అల్ఫియాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇన్నాళ్ల కాపురంలో ఇద్దరూ కలిసి చేసిన పని ఇదొక్కటే, అదీ ఒకరికి తెలియకుండా ఒకరు.

"నేను సోమవారమే చూసిన," అంది. "మూడు దినాల సంది దాస్తున్న."

షాకీర్ పగలబడి నవ్వాడు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. "నేను పోయినంక గ్రీజు పెట్టనీకి మావోళ్లు దీని మీదికే ఎక్కుతరు. ఏ బోల్టు వదులైందో వాళ్లకేం తెలుస్తది?"

"మరి నువ్వే చెప్పు. ఏం చెయ్యాలె?"

"నన్నడగకు. నన్నడిగితే వద్దనే అంట. నాకు ఇంటికి రావాలనే ఉన్నది." అంతలోనే అన్నాడు. "నువ్వే రాయి."

రెండో గడి మీద ఆమె వేలు ఆగిపోయింది. గుమ్మంలో అతను చెప్పులు విడిచే చప్పుడు, ఆరేసిన చొక్కా వాసన, గిన్నెలు తోముతుంటే వెనక నుంచి వచ్చి చాయ్ అడిగే తీరు. ఇవన్నీ ఎల్లుండి దాటితే చేతికందేవి, ఇప్పుడు వానాకాలం అవతలికి పోతాయి. ఆమెకు అతను కావాలి, ఇప్పుడే కావాలి. కళ్లు తుడుచుకుని నొక్కింది. దాని కింద, "కుదుపు సోమవారం నుంచే ఉంది, ఆలస్యం నాదే" అని కూడా రాసి పంపింది.

అవతల అతని దగ్గరున్న కంపెనీ ఫోన్ టింగుమంది.

"వచ్చింది," అన్నాడు షాకీర్.

ఎవరూ ఫోన్ పెట్టేయలేదు. కాల్ దానంతటదే తెగిపోయింది.

ఖమర్ బీ చేతులు కొంగుకు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి దక్కనీలో అడిగింది. "బేటీ, వాడు శనివారం ఎన్ని గంటల రైలుకు దిగుతడు? స్టేషన్‌కు నేను గూడ వస్త."

"వస్తలేడమ్మీ."

"వస్తలేడా?" ముసలావిడ ముఖం కందగడ్డ అయింది. కంపెనీని దుమ్మెత్తిపోయడానికి ఊపిరి తీసుకుంది. "ఎవరే నా కొడుకును ఆపింది?"

"నేనే," అంది అల్ఫియా.