హాలుతోపాటు పెద్ద బల్ల

నేను ఒక టేబుల్ టెన్నిస్ బల్లను. ఈ సంగతి ముందే చెప్పుకోవాలి, ఎందుకంటే ఇప్పుడు నన్ను చూసినవాళ్లెవరూ పోల్చుకోలేరు. ఆకుపచ్చ రంగు చాలా చోట్ల లేచిపోయింది. మధ్యలో సాంబారు గుండిగ అడుగు గుండ్రంగా అచ్చు పడిపోయింది. ఒక అంచున నిమ్మకాయలు కోసిన కత్తిగాట్లు ఉన్నాయి. నేనుండేది రిక్రియేషన్ క్లబ్బు పెరట్లో, వంటషెడ్డులో, గ్యాసు పొయ్యిల పక్కన. నిలబడి నిలబడి అలసిపోయానని అనుకోకండి. నిలబడడం నా పని. మనుషుల్ని చూసి చూసి అలసిపోయాను.

నన్ను చేసింది ఇదే ఊళ్లో, కాలవగట్టు మీద కొట్టున్న సోమాచారి. గోదావరి జిల్లాలో మంచాలు చెయ్యడంలో ఆయనకు పేరు. టేబుల్ టెన్నిస్ అనే ఆటను మాత్రం ఆయన ఎన్నడూ చూడలేదు. క్లబ్బువాళ్లు కొలతలు రాసిన కాగితం ఇస్తే చాలాసేపు చూసి, "ఇంత పెద్దది రెండు ముక్కలుగా ఎందుకండీ, ఆలూమగలకి పడదా ఏంటి?" అని అడిగాడట. మంచమనే నమ్మకంతోనే నాకు టేకు కాళ్లు బిగించాడు. ఆ కాళ్ల మీద ఏనుగును కూర్చోబెట్టినా కదలను. ఆ గట్టిదనమే తరవాత నా కొంప ముంచింది.

క్లబ్బు కట్టించింది రైసుమిల్లుల వాళ్లూ, కొందరు ఆఫీసర్లూ కలిసి. ముందు గదిలో పేకాట, వెనక పెద్ద హాల్లో నేను. మొదట్లో నా దగ్గరికి వచ్చేవాళ్లంతా మగవాళ్లే. పొట్ట తగ్గాలని డాక్టరు చెబితే వచ్చేవారు. కాసేపు బంతి కోసం వంగి, ఆయాసపడి, సోడా తాగి పేకాట గదిలోకి జారుకునేవారు. ఓడినవాడు తప్పకుండా నన్నే తిట్టేవాడు. బల్ల వాలుగా ఉందనేవాడు. నిజానికి అప్పటికి నేను ఎటూ వాలలేదు.

ఆ తరవాత పేకాట మీద పోలీసుల కన్ను పడి ముందు గదికి తాళం పడింది. సభ్యులు చందాలు కట్టడం మానేశారు. కరెంటువాళ్లు బిల్లు పంపడం మాత్రం మానలేదు. అప్పుడు కమిటీకి నా హాలు గుర్తొచ్చింది. పెళ్లిళ్లకీ, ఓణీల ఫంక్షన్లకీ, పుట్టినరోజులకీ హాలు అద్దెకివ్వడం మొదలుపెట్టారు. అద్దెల లెక్కలన్నీ ట్రెజరర్ గవర్రాజు చూసేవాడు. ఆయనకు బజార్లో ఎరువుల కొట్టుంది. క్లబ్బు డబ్బు ఒక్క రూపాయి కూడా ముట్టినవాడు కాడు, ఆ మాట నేనెక్కడైనా చెబుతాను. ఆయనకున్న జబ్బల్లా ఒకటే. ఖాళీగా ఉన్న గదిని చూస్తే ఓర్చుకోలేడు.

ఆ రోజుల్లోనే సుభద్రాదేవి గారు క్లబ్బు సెక్రటరీ అయ్యారు. హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరైన మనిషి. ఇంకెవరూ ఆ పదవికి ఒప్పుకోకపోతే ఆమెకు అంటగట్టారు. ఆమె మొట్టమొదట చేసిన పని నా మీద దుమ్ము తుడవడం. రెండో పని ఊళ్లో ఆడవాళ్లను నా దగ్గరికి తీసుకురావడం. ఆసుపత్రిలో నర్సుగా చేసే రత్నకుమారి వచ్చింది. బట్టలు కుట్టే ఆవిడా, మండలాఫీసులో పనిచేసే ఇద్దరూ, మందుల షాపు యజమాని భార్యా వచ్చారు. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా ఆడేవారు. చీర కొంగులు నడుముకు చుట్టి, చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, గొంతెత్తి నవ్వుకుంటూ ఆడేవారు. ఇంట్లో అలా నవ్వితే ఎవరో ఒకరు ఏమిటా నవ్వని అడుగుతారట. నా దగ్గర అడిగేవాళ్లు లేరు.

టీచరుగారికి కావలసింది ఆ రెండు గంటలే. క్లబ్బు మీద పెత్తనమూ, గోడ మీద ఫొటోనూ ఆమెకు అక్కర్లేదు. ఆరు నుంచి ఎనిమిది దాకా ఆడవాళ్లకు ఆట ఉండాలి, అంతే. కాని పెళ్లివాళ్లకు కావలసిందీ ఆ వేళే. రిసెప్షన్ ఏదైనా ఆరింటికే మొదలవుతుంది.

అందుకని మాకు మూఢం వచ్చిందంటే పండగ. ముహూర్తాలుండవు, హాలు ఖాళీ, రోజూ ఆట. ఆషాఢమన్నా అంతే. గవర్రాజు మాత్రం పంచాంగం ముందేసుకుని నీరసంగా కూర్చునేవాడు. శ్రావణం రాగానే ఆయన ముఖం వెలిగేది, మా వాళ్ల ముఖాలు వాడిపోయేవి. ఒకే క్లబ్బులో ఒకళ్ల మంచిరోజులు ఇంకొకళ్లకు చెడ్డరోజులు. దీన్ని ఎవరి తప్పని చెప్పను?

ఇంతలో కాలవ అవతల ఏసీ ఫంక్షన్ హాలు ఒకటి వెలిసింది. బేరాలు అటు పోసాగాయి. గవర్రాజు ఆలోచించి గేటు మీద బోర్డు పెట్టించాడు: హాలుతోపాటు కుర్చీలు, వంటషెడ్డు, పెద్ద బల్ల ఉచితం. ఆ పెద్ద బల్ల నేనే. ఊళ్లో బఫేలు అప్పుడే మొదలయ్యాయి. వంటమేస్త్రీలు వచ్చి నా కాళ్లు తట్టి చూసి మహదానందపడ్డారు. సోమాచారి టేకు కాళ్ల మీద పులిహోర, పప్పు, గుత్తివంకాయ, సాంబారు, అన్నం అన్నీ ఒక్క వరసలో పట్టాయి. మీద తెల్ల గుడ్డ పరిచి, కింద జాలరు కుట్టి, నన్ను గుర్తుపట్టకుండా చేసేవారు. ఆ గుడ్డ కింద నేను పడ్డ వేడి నాకే తెలుసు. ఆవిరికి పలక ఉబ్బింది. బంతి ఒకచోట లేచేది, ఒకచోట చచ్చినట్టు పడేది.

టీచరుగారు నన్ను ముందు గదిలోకి, పాత పేకాట గదిలోకి మార్పించారు. పెళ్లి హాల్లో జరిగినా ఆట ఇక్కడ జరుగుతుందని ఆమె ఆశ. వంటవాళ్లు అక్కడికీ వచ్చారు. రత్నకుమారి బ్యాటు చేత్తో పట్టుకునే ఉంది, నెట్ విప్పేసి నన్ను ఎత్తుకుపోయారు.

"ఇదేం పని గవర్రాజుగారూ? ఆట మధ్యలో ఉందిగా" అన్నారు టీచరుగారు.

"మరేం చేస్తామండీ టీచరుగారూ. బల్ల ఇస్తామని చెప్పి అడ్వాన్సు పుచ్చేసుకున్నానండి. ఆడోళ్లు కూడా చందా కడుతున్నారు, కాదనను. ఆ చందా వాచ్‌మేన్ జీతంలో సగానిక్కూడా రాదండి. మీరే చెప్పండి."

ఆయన చెప్పింది నిజమని టీచరుగారికి తెలుసు, నాకూ తెలుసు. లెక్క సరిగ్గా ఉన్నప్పుడు ఎదుటివాడితో పోట్లాడడం చాలా కష్టం.

అలా ఉండగా క్లబ్బు వెనక వీధిలో ఒక పెద్దాయన పోయారు. ఆయన కొడుకులు వచ్చి, పదకొండో రోజున పెద్దకార్యం భోజనాలు పెట్టుకోవడానికి చోటు అడిగారు. పెళ్లిళ్లు చేసే హాలు వాటికి ఇవ్వకూడదని ఆనవాయితీ. గవర్రాజు పంపించేయబోయాడు. టీచరుగారు కల్పించుకుని, "హాలు వద్దు. పెరట్లో షెడ్డు తీసుకోండి, బల్ల కూడా తీసుకోండి. ఏమీ ఇవ్వక్కర్లేదు" అన్నారు. అందరూ ఆమె మంచితనమనుకున్నారు. నేను మాత్రం ఆమె కళ్లలో మెరుపు చూశాను. క్లాసు చివర్లో ఇంకో రెండు రౌండ్లు పరిగెత్తించబోయే డ్రిల్లు టీచరు మెరుపది.

వారం తిరక్కుండానే ఒక పెళ్లికూతురి మేనమామ వచ్చి హాలు చూసి, నన్ను చూసి, బల్ల బావుందన్నాడు. టీచరుగారు నిదానంగా, "బావుంటుందండీ. మొన్న పెద్దకార్యం భోజనాలు దీని మీదే పెట్టారు" అన్నారు. ఆయన నా మీద ఆనించిన చెయ్యి కాలినట్టు తీసేశాడు. ఆ చేతిని ఎక్కడ తుడుచుకోవాలో తెలియక కాసేపు గాల్లోనే పట్టుకు నిలబడ్డాడు. నవ్వు రావలసిన చోట నవ్వడానికి నాకు నోరు లేకపోవడం ఆరోజే బాధనిపించింది.

ఇక పెళ్లివాళ్లెవరూ నా జోలికి రాలేదు. గవర్రాజు గొణుక్కుంటూ బఫేకి వేరే బల్లలు అద్దెకు తెప్పించుకున్నాడు. ఎప్పుడో ఒక మధ్యాహ్నం పెద్దకార్యం భోజనాలు జరిగేవి. మూడింటికల్లా నన్ను కడిగేసేవారు, ఆరింటికి ఆట. మాఘమాసంలో, పక్క హాల్లో బాజాలు మోగుతుంటే, ముందు గదిలో మా వాళ్లు ఆడుకున్నారు. టీచరుగారు అంత హాయిగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు. నేనూ హాయిగానే ఉన్నాను. చచ్చిపోయినవాళ్ల పేరు చెప్పుకుని బతికేస్తున్నామని నాకు తట్టలేదు.

మొదట మానేసింది మందుల షాపావిడ. కూతురికి సంబంధాలు చూస్తున్నారట. తరవాత మండలాఫీసు వాళ్లలో ఒకామెకు నెల తప్పింది. రెండో ఆమెకు తోడు లేక రావడం పడలేదు. బట్టలు కుట్టే ఆవిడ దగ్గర పెళ్లి జాకెట్లు ఉన్నాయి, ఆ బల్ల ముట్టుకున్న చేత్తో కుట్టిందంటే ఎవరైనా ఏమైనా అంటారని భయం. చివరికి రత్నకుమారి ఒక్కతే మిగిలింది. ఆసుపత్రిలో పోయినవాళ్ల కళ్లు మూసి, దుప్పటి కప్పే మనిషి. ఆమెకేం పట్టింపు ఉంటుందిలే అనుకున్నాను. ఒక సాయంత్రం గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"నాకేం లేదండీ టీచరుగారూ. మా అత్తగారొకటే గోలండి. మొన్న పిల్లాడికి జ్వరమొస్తే ఆ బల్ల వల్లేనంటున్నారు. ఇంటికెళ్లగానే తలస్నానం చెయ్యమంటారు. రోజూ తలస్నానం నావల్ల కావట్లేదండి."

"జ్వరం ఎందుకొస్తుందో నీకు తెలీదా రత్నా?"

"తెలుసండి. నాకు తెలిస్తే ఏం లాభమండీ?"

టీచరుగారు పురోహితుణ్ని పిలిపించారు. పసుపు నీళ్లు చల్లించారు, కొబ్బరికాయ కొట్టించారు. దాంతో ఉన్న కాస్తా పోయింది. ఏదో ఉండబట్టే శుద్ధి చేయించారని ఊరంతా నిర్ధారణకు వచ్చేసింది. ఆ తరవాత చాలా సాయంత్రాలు ఆమె ఒక్కరే వచ్చేవారు. నా సగాన్ని గోడలా నిలబెట్టి, దానికేసి బంతి కొడుతూ, తిరిగొచ్చిన బంతిని మళ్లీ కొట్టేవారు. నేను చెయ్యగలిగింది బంతిని వెనక్కి పంపడమే. ఉబ్బిన పలకతో అదీ తిన్నగా పంపలేకపోయేవాణ్ని.

గవర్రాజు మాత్రం ఇందులో ఒక సంగతి కనిపెట్టాడు. పెళ్లికి ముహూర్తం కావాలి, చావుకు అక్కర్లేదు. మూఢమైనా, ఆషాఢమైనా పెద్దకార్యాలు ఆగవు. ఊళ్లో వాటికి వేరే చోటు లేదు. షెడ్డుకు రేకులు మార్పించి, నన్ను శాశ్వతంగా అక్కడ పెట్టించి, అద్దె నిర్ణయించాడు. ఆ ఏడు మొదటిసారి క్లబ్బుకి ఖర్చులు పోను మిగిలింది. సర్వసభ్య సమావేశంలో గవర్రాజు లేచి, ఈ ఆలోచన టీచరుగారిదేనని, క్లబ్బును నిలబెట్టిన మనిషి ఆమేనని చెప్పి శాలువా కప్పాడు. మనస్ఫూర్తిగానే కప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. టీచరుగారు ఆ శాలువాను మడిచి కుర్చీ మీద పెట్టి, ఆరోజే సెక్రటరీ పదవి వదులుకున్నారు. ఆమెకు ఎంత కష్టం కలిగిందో ఆ గదిలో ఒక్కరికీ తెలియలేదు.

మిగిలిన డబ్బుతో కొత్త టేబుల్ టెన్నిస్ బల్ల కొన్నారు. నీలం రంగు, చక్రాల కాళ్లు, ముట్టుకుంటే జారిపోయేంత నునుపు. మొదటి సాయంత్రం ఆడవాళ్లంతా వచ్చారట. రెండో సాయంత్రం ఓణీల ఫంక్షను. వంటవాళ్లు దాని చక్రాలు చూసి, మోసే పని కూడా తప్పిందని సంతోషిస్తూ తోసుకుపోయారు. నాకు కోపం రాలేదు. పాపం, కొత్తది అనుకున్నాను.

టీచరుగారు పోట్లాటకు రాలేదు. వారం తరవాత పొద్దున్నే వచ్చారు. షెడ్డు పక్కనే గవర్రాజు కూర్చునే గది కిటికీ ఉంది, అంచేత నాకంతా వినబడింది.

"హాలు కావాలండీ. మాఘ పంచమి, సాయంత్రం" అన్నారు.

"మంచి ముహూర్తమండి. ఎవరిదండీ పెళ్లి?"

"పెళ్లి కాదు. ఆట. బోర్డు మీద హాలుతోపాటు బల్ల అని ఉందిగా, బల్ల కూడా కావాలి. ఇదిగో అద్దె, మొత్తం."

గవర్రాజు డబ్బు వెనక్కి జరిపాడు. "మీ దగ్గర అద్దె ఏంటండీ... పోనీ, సభ్యులకి తగ్గింపు ఉందండి, అదైనా..."

"వద్దు. తగ్గించి ఇస్తే, ఎవరో ఎక్కువిస్తానన్నప్పుడు మమ్మల్ని జరగమంటారు. పూర్తిగా కట్టే ఆడతాం. నా పెన్షన్‌తో నెలకో సాయంత్రం వస్తుంది. అది చాలు."

చాలదని ఆమెకు తెలుసు. రోజూ రెండు గంటలు కావాలని అడిగిన మనిషి. అయినా ఆ మాటే చెప్పారు. నేను చేవగల టేకు మీద నిలబడ్డాను కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ క్షణాన కూలిపోయేవాణ్ని.

మాఘ పంచమి సాయంత్రం హాల్లో లైట్లన్నీ వెలిగాయి. బంతి చప్పుడు, ఆడవాళ్ల నవ్వులు షెడ్డు దాకా వచ్చాయి. అందులో రత్నకుమారి గొంతు కూడా ఉంది. ఏడు గంటలప్పుడు గేటు దగ్గర కారు ఆగింది. ఎవరో పెద్దమనిషి గవర్రాజు గదిలోకి వచ్చాడు, కాలవ అవతల హాల్లో కరెంటు పోయిందట, రిసెప్షన్ ఇక్కడికి మార్చుకుంటామని, రెట్టింపు ఇస్తానని బతిమాలుతున్నాడు.

గవర్రాజు ఎరువుల కొట్టులో కూర్చున్నట్టే కుర్చీలో కూర్చున్నాడు. ఆయన ఏమంటాడో నాకు తెలుసనుకున్నాను.

"హాలు ఖాళీ లేదండి" అన్నాడు. "ఆట జరుగుతోంది."

రేపు మధ్యాహ్నం మళ్లీ నా మీద విస్తళ్లు పరుస్తారు. పరవనీ. పెళ్లివాళ్ల కోసం ఆటను ఆపడం నా జన్మలో లెక్కలేనన్నిసార్లు చూశాను. ఆట కోసం పెళ్లివాళ్లను వెనక్కి పంపడం అదే మొదటిసారి విన్నాను.