కుండలో ఏరు

వెంకటప్పయ్య పంతులు మధిర నుంచి భద్రాచలం అడవిలోని ఒక కోయపల్లెకు బదిలీ మీద వచ్చిన కొత్తలో, 1984లో జరిగిందిది. మూడో తరగతిలో జోగి అనే పిల్ల ఉండేది. ఒకరోజు ఆయన నీళ్లకుండ చూపించి, "ఇందులో ఏముందే?" అని అడిగాడు.

"ఏరు," అంది జోగి హుషారుగా.

"కుండలో ఏరు పారుద్దా? మొద్దుదానా!" అని పకపకా నవ్వి, ఆ పిల్లను గోడ దగ్గర నిలబెట్టాడు. ఆ తర్వాత జోగి రోజూ బడికి వచ్చేది గానీ నోరు విప్పేది కాదు. దీనికి చదువు రాదులే అనుకుని ఆయన వదిలేశాడు.

ఏడు నెలల తర్వాత, ఇల్లిల్లూ తిరిగి బడికి రాని పిల్లల పేర్లు రాసుకుంటూ ఆయన జోగి గుడిసెకు వెళ్లాడు. చెమటలు కక్కుతున్న పంతులికి వాళ్ల నాయనమ్మ చెంబు అందించింది.

"ఏరు తాగు సారూ."

"ఏరంటే?"

"నీళ్లు. మా మాటల గట్లనే అంటం."

ఆయన చెంబు కింద పెట్టేశాడు. సరైన జవాబు చెప్పినందుకు ఆ రోజు పసిపిల్లను శిక్షించాడు తను.

మర్నాడు తరగతిలో, "జోగీ, తప్పు నాదేనమ్మా. నువ్వు చెప్పిందే నిజం," అన్నాడు. నల్లబల్ల మీద నీళ్లు, ఏరు అని పక్కపక్కన రాసి, ఇంకా మీ మాటలు చెప్పండన్నాడు. పిల్లలు ఎగబడి చెప్పారు. ఆ మాటలతోనే వాళ్లకు చదవడం పట్టుబడింది.

జోగి కూడా నేర్చుకుంది. కానీ ఆయన ఏదడిగినా జవాబు పలక మీద రాసి చూపించేదే తప్ప పెదవి కదిపేది కాదు. ఆ పలక అందుకునేటప్పుడు వెంకటప్పయ్య తల ఎత్తలేకపోయేవాడు.