అమ్మ దాచిన చచ్చిన సెల్లులు

కోపం నా ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అంటారు. అననీ. ఆ శనివారం మాత్రం నా కోపమంతా పెన్సిల్ బ్యాటరీల మీద.

నేను కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాను. ఇంటికొచ్చాక పాటలు కడతాను. వీణ మీదో వయొలిన్ మీదో కాదు, చిన్నప్పుడు రెండు చేతుల్లో పట్టుకుని ఆడుకున్న బూడిదరంగు వీడియో గేమ్ డబ్బా మీద. అందులో పాటలు కట్టే క్యాసెట్టు ఒకటి దూరిస్తే నాలుగు గొంతులు పలుకుతాయి. రెండు సన్నవి, ఒకటి బొంగురుది, నాలుగోది ఉత్త బుస్సు. ఇదీ ఒక సంగీతమేనా అని అడిగినవాళ్లకు నేను జవాబు చెప్పను, వినిపిస్తాను.

వినిపించడంలోనే వచ్చింది చిక్కు. లైబ్రరీ హాల్లో నెలకోసారి సంగీత సభ జరుగుతుంది, అందులో నేనూ వాయిస్తాను. నాన్న వచ్చి ముందు వరసలో కూర్చున్న ప్రతిసారీ, పాట సగానికొచ్చి బొంగురు గొంతు అందుకోగానే, డబ్బా మీది ఎర్రలైటు మసకబారేది, తెర తెల్లముఖం వేసేది. అంతే, పాట ఖతం. ఒక నెల ఆయనకు జ్వరమొచ్చి రాలేదు. ఆ రోజు మాత్రం చివరిదాకా మోగింది. ఇంకేం, నాన్న తీర్మానించేశాడు.

"నా పాదం మంచిది కాదమ్మా. రేపు నేను రాను. నువ్వు హాయిగా వాయించుకో."

"పాదానికీ బ్యాటరీకీ ఏం సంబంధం నాన్నా?"

"నాకేం తెలుసు? నేనొచ్చినప్పుడే ఆగుతోందా, లేదా?" అని చెప్పులేసుకుని కొట్టుకు వెళ్లిపోయాడు.

నాకు ఏడుపొచ్చింది. ఆ పాట ఆయనదే మరి. నాన్న కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. ఆయన కొట్లో మిషను తొక్కే చప్పుడు, చక్రం తిరిగే చప్పుడు, అన్నీ ఏరికోరి పాట రెండో సగంలో పెట్టాను. ఆ సగం హాలంతా విన్నది, ఆయన తప్ప. ముందే చెబితే సరదా పోతుందని చెప్పలేదు. రేపు ఆయన రాకపోతే ఇక ఆ పాట ఎవరి కోసం?

బ్యాటరీలు ఇంత తొందరగా ఎందుకు అయిపోతున్నాయో తెలియక అప్పటికే చెయ్యని వైద్యం లేదు. తెర వెనక ముచ్చటపడి బిగించుకున్న చిన్న లైటు పీకేశాను. కంపెనీ మార్చాను. ఛార్జింగువి కొన్నాను. సౌండు తగ్గించాను. ఇంట్లో ప్లగ్గుకు పెడితే డబ్బా పొద్దస్తమానం పాడుతుంది. కానీ హాల్లో ఆ వైరు తగిలిస్తే స్పీకర్లలో ఈగలు ముసిరినట్టు ఒకటే రొద. కాబట్టి బ్యాటరీలే గతి. అవేమో సగం పాటకే చస్తున్నాయి. చచ్చినవాటిని నేను చెత్తబుట్టలో పడేస్తూనే ఉన్నాను.

ఆ మధ్యాహ్నం నేను తల పట్టుకుని కూర్చుంటే, అమ్మ టార్చి వేసుకుని మంచం కింద దొర్లిన ఉల్లిపాయను వెతుకుతోంది. టార్చి వెలుగు నా కళ్లలో కొట్టింది.

"అబ్బా! కొత్త సెల్లులేశావా ఏంటే అమ్మా, గుడ్లు పోతున్నాయి!"

"కొత్తవి ఎవరు కొన్నారు? నువ్వు పారేసినవే. చచ్చిపోయాయని పారేస్తావు గానీ, ఒక్కటీ చావలేదు. గోడ గడియారంలో అవే, టీవీ రిమోట్లో అవే. డబ్బా నిండా దాచాను, చూస్తావా?"

నేను మంచం మీంచి లేచి నిలబడ్డాను. సెల్లులు బతికే ఉన్నాయి! అంటే నా డబ్బా కరెంటు తాగెయ్యడం లేదు. ఉన్న కరెంటు దానికి అందడం లేదు! బొంగురు గొంతుకు కాస్త ఎక్కువ తిండి కావాలి. అది అడిగేసరికి దారిలో ఎవరో అడ్డం పడుతున్నారు.

అద్దాల పని చేసే భూతద్దం తెచ్చి, డబ్బా వెనకమూత తీసి చూశాను. బ్యాటరీలు ఆనే స్ప్రింగుల మీద నల్లగా, జిడ్డుగా, దుమ్ము కలిసిన ముద్ద. ముక్కు దగ్గర పెట్టుకుంటే నాన్న చొక్కా వాసన.

మిషను నూనె!

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టాను. మా ఇంట్లో గేటు కిర్రుమనదు, కత్తెర మొరాయించదు, గొడుగు బిగుసుకోదు. నాన్నకు ఏ రోగానికైనా మందు ఒకటే, ఒక్క చుక్క నూనె.

అద్దాలు తుడిచే స్పిరిట్లో దూది ముంచి, స్ప్రింగులు తళతళలాడేదాకా తుడిచాను. అమ్మ దాచిన చచ్చిన సెల్లులే వేసి, సౌండు పూర్తిగా పెంచాను. బొంగురు గొంతు వచ్చింది, ఎర్రలైటు చెక్కుచెదరలేదు. పాట చివరిదాకా మోగింది. అమ్మా నేనూ ఒకరి చేతులు ఒకరు పట్టుకుని గెంతాం. ఉల్లిపాయ సంగతి ఇద్దరం మరిచిపోయాం.

డబ్బా పట్టుకుని ఒక్క పరుగున కొట్టుకు వెళ్లాను. నాన్న ఒక మిషనుకు నూనె పోస్తున్నాడు.

"నాన్నా, నిజం చెప్పు. దీనికి నూనె వేశావా?"

ఆయన తడబడ్డాడు. "నేనొచ్చే రోజున... బయల్దేరేముందు, స్ప్రింగుల మీద ఒక్క చుక్క. నీ పాట సాఫీగా సాగాలని. ఏం తల్లీ?"

"ఆ చుక్క వల్లే ఆగిపోతోంది! స్ప్రింగు మీద తడి నూనె ఉంటే కరెంటెలా పోతుంది? జ్వరమొచ్చిన నెల నువ్వు వెయ్యలేదు, అందుకే మోగింది!"

నాన్న నూనె డబ్బా కింద పెట్టాడు. పాపం, నొచ్చుకున్నాడేమో, కాస్త మెల్లగా చెప్పి ఉండాల్సింది అనుకున్నాను. ఆయన ముఖం నెమ్మదిగా విప్పారింది.

"అయితే నా పాదం వల్ల కాదా?"

"కాదు!"

"నేను రావడం వల్ల కాదా?"

"కాదు నాన్నా, నూనె వల్ల!"

"నూనె వల్లట!" పక్క కొట్టువాళ్లు తొంగిచూసేలా నవ్వాడు. "ఒసే పిచ్చి తల్లీ, ఇన్నాళ్లూ నీకు నేనే అడ్డమనుకున్నాను గదే!"

కళ్లు తుడుచుకోబోతుంటే చేతి నిండా నూనె. నా చున్నీతో నేనే తుడిచాను. నాన్న చొక్కాతో పాటు ఆ చున్నీ కూడా ఇప్పటికీ మిషను వాసనే వేస్తుంది.

ఆదివారం సాయంత్రం ఆయన్ను హాల్లోకి పంపే ముందు అమ్మ ఆయన జేబులన్నీ తడిమింది. నూనె డబ్బా దొరికింది. లాక్కుని తన చేసంచిలో వేసుకుంది.

పాట మొదలైంది. సన్నగొంతులు రెండూ ఆడుకున్నాయి. బొంగురుది అందుకుంది. నాన్న కుర్చీ అంచుకు జరిగి ఎర్రలైటునే చూస్తున్నాడు. లైటు వెలుగుతూనే ఉంది. అప్పుడు బుస్సు గొంతు టకటకమంటూ మిషను తొక్కడం మొదలుపెట్టింది.

నాన్న లైటును చూడటం మానేశాడు. నావైపు చూశాడు. ఆయన కుడిపాదం నేల మీద పైకీ కిందికీ, పైకీ కిందికీ, తాళం తప్పకుండా మిషను తొక్కుతోంది. మంచిది కాదన్న పాదమే. నాకు వచ్చింది నవ్వో ఏడుపో తెలియలేదు.

పాట అయిపోయాక చప్పట్ల మధ్య ఆయన గొంతే పెద్దగా వినిపించింది.

"ఇంకోసారి వెయ్యమ్మా! సెల్లులు చాలతాయా?"

అమ్మ లేచి నిలబడి, చేసంచి తెరిచి, హాలంతటికీ ఎత్తి చూపించింది. సంచి నిండా నేను పారేసిన సెల్లులే.